దుప్పటి కింద ఫోన్ గురించి నాలుగు మాటలు

(ఆదివారం కూటంలో మాట్లాడింది. డ్యూటీ ఉండి రాలేనివాళ్ళు అడిగారని రాసి గ్రూపులో పెడుతున్నాం.)



ఈవేళ విషయం "ఫోన్, కుటుంబం" అని గ్రూపులో మర్యాదగా పెట్టారు. నేను అసలు పేరే చెప్పేస్తాను. బూతు వీడియోల గురించి మాట్లాడుకుందాం. నవ్వేవాళ్ళు ఇప్పుడే ఒకసారి నవ్వేయండి, తర్వాత అంత నవ్వొచ్చే సంగతులు లేవు. నేను పదో తరగతి చదివినవాణ్ణి. డాక్టర్ని కాదు, గుళ్ళో పంతుల్ని కాదు, పాస్టర్ని కాదు. సైట్ మీద మనుషుల చేత పని చేయించడం నా పని. ఎవడు నిద్ర లేకుండా వచ్చాడో, ఎవడి బుర్ర ఇంకెక్కడో ఉందో వాడు స్కాఫోల్డ్ ఎక్కకముందే నేను కనిపెట్టాలి. అందుకే ఈ విషయం నా నెత్తిన పెట్టారనుకుంటాను.

మా వయసు కుర్రాళ్ళ రోజుల్లో బూతు బొమ్మ చూడాలంటే ఊరు దాటాలి. టౌన్లో ఏదో ఒక హాల్లో పొద్దున ఆటకి డబ్బింగ్ సినిమా వేసేవారు. తువ్వాలు తలకి చుట్టుకుని వెళ్ళేవాళ్ళు. లోపల బాబాయి కనిపిస్తే మళ్ళీ బయటికి పరుగే. ఆ సిగ్గు వల్ల, ఆ భయం వల్ల సగం అదుపు ఉండేది. 2016లో జియో వచ్చింది, డేటా చవకైపోయింది, ఆ హాలు మన జేబులోకి వచ్చేసింది. టికెట్టు లేదు, ఆట టైము లేదు, బాబాయి లేడు. ఇక్కడికొచ్చాక మరీ సులువు. ఒక గదిలో నలుగురం పడుకుంటాం, లైటు తీసేశాక చూడండి, నాలుగు దుప్పట్ల కింద నాలుగు వెలుగులు.

ఎందుకు చూస్తారో నాకు అర్థం కాక కాదు. పన్నెండు గంటలు పని చేసి వస్తాం. ఇంటికెళ్ళి మూడేళ్ళు, నాలుగేళ్ళు అయినవాళ్ళు ఇక్కడ ఉన్నారు. కాగితాలు సరిగా లేక, వెళ్తే మళ్ళీ రాలేమని ఆగిపోయినవాళ్ళు ఉన్నారు. పెళ్ళాం అక్కడ, మనం ఇక్కడ. 2005లో కత్రినా తుఫాను వచ్చిన తర్వాత మిసిసిప్పి, టెక్సాస్ తీరాల్లో రిగ్గుల మరమ్మతు కోసం సిగ్నల్ ఇంటర్నేషనల్ అనే కంపెనీ మన దేశం నుంచి దాదాపు 500 మంది వెల్డర్లనీ పైప్ ఫిట్టర్లనీ తెచ్చింది, విన్నారు కదా. ఒక్కో ట్రైలర్లో 24 మంది దాకా పడుకోబెట్టి, దానికి మనిషికి నెలకి 1,050 డాలర్లు జీతంలో కోశారు. 2015లో న్యూ ఆర్లీన్స్‌లో జ్యూరీ ఐదుగురు కార్మికులకి కోటీ 40 లక్షల డాలర్లు ఇమ్మని చెప్పింది. అది మోసానికీ బలవంతపు చాకిరీకీ కట్టిన లెక్క. ఆ ట్రైలర్లలో భార్యాబిడ్డలు లేకుండా గడిచిన రాత్రులకి ఏ కోర్టు లెక్క కడుతుంది? కాబట్టి ఒంటరితనం చిన్న విషయం అని నేను అనను. ఒంటరివాడు ఫోన్ తెరిచాడని వాణ్ణి వెధవ అని కూడా అనను.

కోరిక తప్పని చెప్పడానికి కూడా నేను రాలేదు. మన కూటానికి వచ్చే రిటైర్డు తెలుగు మాస్టారు ఒకాయన ఉన్నారు, కూతురి దగ్గర ఉంటారు. నేను ఈ విషయం మాట్లాడుతున్నానని తెలిసి ఆయన ఒక సంగతి చెప్పారు. 18వ శతాబ్దంలో తంజావూరు రాజుల కొలువులో ముద్దుపళని అనే ఆవిడ "రాధికా సాంత్వనం" అని శృంగార కావ్యం రాసిందట, తెలుగులో. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మగారు దాన్ని మళ్ళీ అచ్చు వేయిస్తే తెల్లదొరల ప్రభుత్వం బూతు అని నిషేధించింది. 1947లో టంగుటూరి ప్రకాశం పంతులుగారి చొరవతో ఆ నిషేధం పోయింది. "మరి అది బూతు కాదా మాస్టారూ, ఫోన్లోది బూతా?" అని అడిగాను. ఆయన అన్నారు, "ఆ కావ్యంలో రాధకి కోపం వస్తుందయ్యా. అలుగుతుంది. కృష్ణుడంతటివాడు వచ్చి బతిమాలుకోవాలి. పేరులోనే ఉంది కదా, సాంత్వనం అని."

ఆ మాట నాకు పట్టుకుంది. ఫోన్లో వీడియోలు ఆలోచించండి. అక్కడ ఎవరైనా ఎవర్నైనా బతిమాలతారా? అడుగుతారా? ఆడమనిషి ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది. ఒంట్లో బాగోలేదు అనదు, పిల్ల లేస్తుందనదు, నువ్వు నాతో సరిగా మాట్లాడి నెలయింది అనదు. వద్దు అన్నా సరే, అది సరేనన్నట్టే చూపిస్తారు. రోజూ రాత్రి అరగంట, నెలకి పదిహేను గంటలు, ఇదే పాఠం. వెల్డింగ్ నేర్చుకోవడానికి కూడా మనం అంత శ్రద్ధగా కూర్చోలేదు. అన్ని గంటలు చూసినవాడికి అడగడం అనే అలవాటు పోతుంది. నేను ఈవేళ చెప్పదలుచుకున్నది ఇదొక్కటే, మిగతాదంతా దీని చుట్టూ తిరుగుతుంది.

ఇంటి సంగతి ముందు చెప్తాను. మా ఆవిడ ఊళ్ళో ఉంటుంది. భర్త దేశం బయట ఉన్న ఆడవాళ్ళు సాయంత్రం పూట వచ్చి ఆవిడ దగ్గర కష్టం సుఖం చెప్పుకుంటారు. ఒకామె చెప్పిన మాట ఆమె అనుమతి తీసుకునే ఇక్కడ చెప్తున్నాను, ఊరూ పేరూ అడక్కండి. వాళ్ళాయన మొదట్లో ఫోన్ చేస్తే పిల్లాడి చదువు, అమ్మ మందులు, పొలంలో నీళ్ళు, ఇవి అడిగేవాడు. ఏడాది తర్వాత మాట మారింది. ఫోన్ ఎత్తగానే పిల్లలు పడుకున్నారా అని అడగడం, పడుకున్నారంటే బట్టలు తియ్యమనడం. పక్క గదిలో అత్తగారు, మధ్యలో ఉన్నది తలుపు కూడా కాదు, తెర. వద్దంటే "నీకు అక్కడ ఇంకెవరైనా ఉన్నారా" అంటాడు. ఎక్కడో చూసింది వర్ణించి అలా చెయ్యమంటాడు. "నేను ఆయనకి పెళ్ళాన్నా, ఫోన్లో బొమ్మనా వదినా?" అని మా ఆవిడ దగ్గర ఏడ్చింది.

కాగితాలు ఉన్నవాడు కాబట్టి మూడేళ్ళకి సెలవు మీద ఇంటికెళ్ళాడు. నలభై రోజులు. ఆమె దగ్గరికి వస్తే ముడుచుకుపోయింది. ఇతనికి కోపం, ఇంత సంపాదించి పంపిస్తే ఇదా మర్యాద అని. నలభై రోజుల్లో పది రోజులు అక్కగారింట్లో ఉండి తిరిగొచ్చేశాడు. మూడేళ్ళు కాచుకున్న నలభై రోజులు అవి. ఇప్పుడు ఫోన్ చేస్తున్నాడు, పగటిపూట చేస్తున్నాడు, పిల్లాడితో మాట్లాడుతున్నాడు. ఆమెతో ఎంతవరకు వచ్చిందో నేను అడగలేదు.

దూరంగా ఉన్న మొగుడూ పెళ్ళాలు ఫోన్లో సరసం ఆడుకుంటే తప్పా అని మొన్న ఒక తమ్ముడు అడిగాడు. తప్పేముంది తమ్ముడూ. ఇద్దరికీ ఇష్టమైతే అది మీ ఇద్దరి సంగతి, నాకెందుకు. ఆమెకి ఇష్టమో కాదో నువ్వు అడిగావా, అడిగితే కాదని చెప్పే ధైర్యం ఆమెకి ఇచ్చావా, అంతే నా ప్రశ్న. నెలనెలా డబ్బు పంపేవాడు అడిగితే కాదనడం ఎంత కష్టమో మేస్త్రీ ముందు నిలబడిన కూలీకి తెలియదా?

ఇది మన పల్లెటూరి ఆడవాళ్ళ బిడియం అనుకునేవాళ్ళకి ఒక మాట. ఈ దేశంలోనే ఓక్లహోమా యూనివర్సిటీ వాళ్ళు 2006 నుంచి 2014 వరకు జరిగిన సర్వేలు తీసి పెళ్ళైనవాళ్ళ లెక్క చూశారు. ఒక సర్వేకీ తర్వాత సర్వేకీ మధ్యలో ఈ వీడియోలు చూడ్డం మొదలుపెట్టినవాళ్ళలో విడాకులు దాదాపు రెట్టింపు అయ్యాయి. అయితే ఒకటి ఒప్పుకోవాలి, సంసారం ముందే చెడితే వీడియోలు మొదలయ్యాయా, వీడియోల వల్ల చెడిందా అన్నది ఈ లెక్క ఒక్కదానితో తేలదు. నేను చూసినంతలో రెండూ ఉన్నాయి. ఒకటి రెండోదాన్ని పెంచుతుంది, పెచ్చులూడిన గోడలోకి నీళ్ళు దిగినట్టు.

ఇక పనిచోట. ఒక సైట్లో భోజనాల టైములో నలుగురు కుర్రాళ్ళు ఒక ఫోన్ చుట్టూ మూగి నవ్వుకుంటున్నారు. ట్రాఫిక్ దగ్గర ఫ్లాగర్‌గా పనిచేసే మెక్సికో అమ్మాయి అక్కడే తింటోంది. డబ్బా మూసుకుని తన కారులోకి వెళ్ళిపోయింది. మర్నాడూ కారులోనే తింది. ఆ ఎండలో కారులో. నేను ఫోన్లు లోపల పెట్టించాను. ఒకడన్నాడు, "మేం ఆమెని ఏమైనా అన్నామా? ముట్టుకున్నామా?" అని.

సరిగ్గా ఈ వాదనే ఈ దేశంలో ఒక కోర్టు ముందుకి ఎప్పుడో వచ్చింది. మన రకం పనివాళ్ళ కేసే, అందుకే వివరంగా చెప్తాను. ఫ్లారిడాలో జాక్సన్‌విల్ షిప్‌యార్డ్స్ అని ఓడల మరమ్మతు యార్డు. అక్కడ లోయిస్ రాబిన్సన్ అనే ఆవిడ వెల్డర్. వందలమంది మగ పనివాళ్ళ మధ్య ఆడవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. గోడల మీద, ట్రైలర్లలో, పనిముట్లు అమ్మే కంపెనీలు పంచిపెట్టిన క్యాలెండర్ల మీద, ఎక్కడ చూసినా బట్టల్లేని ఆడవాళ్ళ బొమ్మలు. ఆవిడ తీసెయ్యమని అడిగింది. అడిగాక బొమ్మలు ఇంకా పెరిగాయి. ఒక ట్రైలర్ తలుపు మీద "మగవాళ్ళకి మాత్రమే" అని రాశారు. పైవాళ్ళని అడిగితే ఓడల పని చేసేవాళ్ళు ఇలాంటి బొమ్మలు పెట్టుకోవడం ఎప్పట్నుంచో మామూలే అన్నారు. ఆవిడ 1986లో కోర్టుకెళ్ళింది. 1991లో ఫెడరల్ కోర్టు తీర్పు చెప్పింది: ఆవిణ్ణి ఎవరూ ముట్టుకోకపోయినా సరే, ఆ బొమ్మలు, ఆ మాటలు, ఇవే ఆడమనిషి పని చేసుకోలేని పరిస్థితి కల్పించాయి, అది లైంగిక వేధింపే. కంపెనీ ఒక కట్టుబాటు రాసుకుని అమలు చెయ్యాలని ఆదేశించింది.

ఆ కేసులో సూసన్ ఫిస్క్ అనే మనస్తత్వ శాస్త్ర నిపుణురాలు సాక్ష్యం చెప్పింది. ఆవిడ చెప్పినదాని సారం నా మాటల్లో చెప్తాను. రోజంతా అలాంటి బొమ్మలు కళ్ళముందు ఉంటే, పక్కన నిలబడి పని చేస్తున్న ఆడమనిషి కూడా ఆ బొమ్మలాగే కనిపించడం మొదలవుతుంది. ఆమె వెల్డ్ ఎంత బాగా వేసిందో కంటికి ఆనదు. అప్పటికి అవి కదలని బొమ్మలు, గోడ మీద ఉన్నవి. ఇప్పుడు అవి కదులుతున్నాయి, జేబులో మనతోపాటు సైటుకొస్తున్నాయి.

మరి ఆ వీడియోలో ఉన్న అమ్మాయిలు? "డబ్బు తీసుకుని చేస్తారు, వాళ్ళ పని వాళ్ళది" అంటారు. ఇష్టపడి చేసేవాళ్ళు లేరని నేను చెప్పను. కానీ ఏ వీడియోలో అమ్మాయి ఇష్టపడింది, ఏ వీడియోలో మోసపోయింది, నీ దుప్పటి కింద నుంచి నీకు తెలుస్తుందా? కాలిఫోర్నియాలో శాన్ డీగో ఊళ్ళో "గర్ల్స్ డూ పోర్న్" అని ఒక సైటు నడిపారు. మోడలింగ్ ఉద్యోగం అని ప్రకటన ఇచ్చి, చదువుకునే అమ్మాయిల్ని రప్పించి, ఈ వీడియో ఇంటర్నెట్లో పెట్టం, ఎక్కడో వేరే దేశంలో డీవీడీగా పోతుంది అని నమ్మించి తీశారు. తీశాక ఇంటర్నెట్లోనే పెట్టారు. అమ్మానాన్నలకి, కాలేజీకి, అందరికీ తెలిసింది. 22 మంది అమ్మాయిలు కేసు వేస్తే 2020 జనవరిలో జడ్జి దాదాపు కోటీ 30 లక్షల డాలర్లు వాళ్ళకి ఇమ్మన్నాడు. ఆ సైటు పెట్టినవాడు పారిపోయి 2022 చివర్లో స్పెయిన్‌లో దొరికాడు. 2025లో 27 ఏళ్ళ జైలు పడింది. ఆ మోసం మనకి కొత్తదా? ఒక పని అని చెప్పి రప్పించి ఇంకో పని చేయించడం, సంతకం పెట్టించుకుని అందులో ఏముందో చెప్పకపోవడం. ఏజెంటు చేతిలో మోసపోయినవాడు ఈ గదిలో ఒక్కడైనా లేడా? ఆ అమ్మాయిలు మనలాంటివాళ్ళే. వాళ్ళ వీడియోలు కోట్లమంది చూశారు, చూసినవాళ్ళలో ఒక్కడికీ అనుమానం రాలేదు.

2020 డిసెంబర్లో న్యూయార్క్ టైమ్స్‌లో నికొలస్ క్రిస్టాఫ్ అనే పాత్రికేయుడు పోర్న్‌హబ్ గురించి రాశాడు, చిన్నపిల్లల మీద అత్యాచారాల వీడియోలు కూడా అందులో ఉన్నాయని. వీసా, మాస్టర్‌కార్డ్ వాళ్ళు చెల్లింపులు ఆపేశారు. ఆ సైటు రోజుల్లోనే ఎవరు పెట్టారో తేలని లక్షల లక్షల వీడియోలు తీసేసింది. అంటే అప్పటిదాకా అవి ఎవరివో, అందులో ఉన్నది ఎవరో ఆ కంపెనీకే తెలియదు.

మన దగ్గర సంగతి చెప్పాలంటే నోరు రావడం లేదు. 2019 నవంబర్ 27 రాత్రి శంషాబాద్ దగ్గర తొండుపల్లి టోల్‌గేటు కాడ పశువుల డాక్టరమ్మని చంపేశారు, దిశ కేసు. ఊరూరా కొవ్వొత్తులు పట్టుకుని తిరిగాం. అదే వారంలో ఆ అమ్మాయి అసలు పేరు బూతు సైట్లలో తెగ వెతికారని పత్రికల్లో వచ్చింది. ఆలోచించండి. ఆ అమ్మాయి మీద జరిగిన దారుణం వీడియో ఎక్కడైనా దొరుకుతుందేమో అని వెతికారు. వాళ్ళంతా నేరస్థులా? కాదు, మామూలు మనుషులే, పొద్దున లేచి పనికి వెళ్ళేవాళ్ళే. కొవ్వొత్తి పట్టుకున్న చెయ్యీ, ఫోన్లో ఆ పేరు కొట్టిన చెయ్యీ ఒకటే అయినవాళ్ళు కూడా అందులో ఉండే ఉంటారు.

2023 నవంబర్లో రష్మిక మందన్న వీడియో వచ్చింది గుర్తుందా? అది ఆమెది కాదు. బ్రిటన్లో ఉండే ఇంకో అమ్మాయి వీడియోకి కంప్యూటర్‌తో రష్మిక ముఖం అతికించారు. 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు పట్టుకున్నది ఎవర్ని? మన గుంటూరు జిల్లా కుర్రాణ్ణి, 24 ఏళ్ళు, ఇంజనీరింగ్ చదివినవాణ్ణి. ఆమె అభిమానిగా పేజీ నడుపుతూ, ఆ పేజీకి ఫాలోవర్లు పెరగాలని చేశాడట. అభిమానం అట! ముఖం ఒకరిది, ఒళ్ళు ఒకరిది, ఇద్దర్లో ఒక్కర్నీ అడగలేదు.

ఇంక చట్టం సంగతి. ఇక్కడ కొంచెం చెవి పెట్టి వినండి, వీసా పోయే విషయం ఇది.

మొదటిది, ఇంట్లో ఆమె వీడియో. కాల్‌లో ఉండగా స్క్రీన్ రికార్డ్ చేసి దాచుకునేవాళ్ళు ఉన్నారు. గొడవైనప్పుడు "మీవాళ్ళకి పంపిస్తా" అని బెదిరించేవాళ్ళూ ఉన్నారు. మన దేశంలో కొత్త న్యాయసంహిత 77వ సెక్షన్ ప్రకారం, తియ్యడానికి ఆమె ఒప్పుకున్నా, ఇంకొకరికి పంపడానికి ఒప్పుకోకపోతే పంపడం నేరమే. మొదటిసారికే ఏడాది నుంచి మూడేళ్ళ జైలు. మొగుడికి మినహాయింపు ఏమీ లేదు. ఐటీ చట్టం 67ఏ కింద అయితే ఐదేళ్ళ దాకా, పది లక్షల దాకా జరిమానా. ఈ దేశంలో 2025 మే 19న "టేక్ ఇట్ డౌన్" చట్టం మీద అధ్యక్షుడు సంతకం పెట్టాడు. ఒప్పుకోలు లేకుండా పెద్దవాళ్ళ నగ్న చిత్రం పెడితే రెండేళ్ళ దాకా, పిల్లలదైతే మూడేళ్ళ దాకా జైలు. కంప్యూటర్‌తో తయారు చేసిందైనా అంతే. బాధితులు చెప్పిన 48 గంటల్లో సైట్లు దాన్ని తియ్యాలి, ఆ ఏర్పాటుకి సైట్లకి 2026 మే దాకా గడువిచ్చారు.

రెండోది, పిల్లల వీడియోలు. ఇక్కడ లెక్క 18 ఏళ్ళు, ఒక్క రోజు తక్కువైనా పిల్లే. తెలిసి దగ్గర ఉంచుకుంటే పదేళ్ళ దాకా జైలు. పంపినా, తెలిసి అందుకున్నా తక్కువలో తక్కువ ఐదేళ్ళు, ఎక్కువ 20. జైలు అయ్యాక దేశం నుంచి పంపేస్తారు, గ్రీన్ కార్డు ఉన్నా ఆగదు. "గ్రూపులో ఎవడో పడేశాడు, సరదాగా ఇంకో గ్రూపుకి పంపాను" అంటే అది పంపడమే. మన సుప్రీం కోర్టు కూడా 2024 సెప్టెంబర్ 23న స్పష్టంగా చెప్పింది, పిల్లల అశ్లీల వీడియోలు ఫోన్లో దాచుకోవడమూ పోక్సో కింద నేరమేనని. అలాంటిది వస్తే ఎవరికీ చూపించొద్దు, "చూడండి ఎంత దారుణమో" అని కూడా ముందుకి పంపొద్దు. గ్రూపు వదిలేసి 1-800-843-5678కి చెప్పండి, తప్పిపోయిన పిల్లల జాతీయ కేంద్రం వాళ్ళది.

పిల్లలు ఇక్కడే ఉన్నవాళ్ళకి ఒక ముక్క. వయసు రుజువు చూపిస్తేనే ఈ సైట్లు తెరుచుకోవాలని టెక్సాస్ పెట్టిన చట్టాన్ని 2025 జూన్ 27న ఇక్కడి సుప్రీం కోర్టు సరేనంది. కానీ నాన్న ఫోన్ లాక్ లేకుండా సోఫా మీద ఉంటే ఏ చట్టం ఏం చేస్తుంది?

మూడోది, బెదిరింపు కాల్. ఇది మనవాళ్ళని బాగా పీడిస్తోంది. తెలియని నంబర్ నుంచి ఒక అమ్మాయి హాయ్ అంటుంది. రెండు రోజులు తియ్యగా మాట్లాడుతుంది. వీడియో కాల్ చేస్తుంది, బట్టలు తీస్తుంది, నిన్నూ తియ్యమంటుంది. చాలాసార్లు అవతల ఉన్నది అమ్మాయే కాదు, ఎప్పుడో రికార్డు చేసిన వీడియో. పది నిమిషాల్లో నీ ముఖంతో ఉన్న రికార్డింగ్ నీకే వస్తుంది, కింద నీ ఫేస్‌బుక్ స్నేహితుల లిస్టు, నీ చెల్లెలి పేరుతో సహా. తర్వాత "పోలీస్ ఆఫీసర్" అని ఇంకొకడు ఫోన్ చేస్తాడు. మన కుర్రాడొకడు మూడు నెలల జీతం ఇలా కట్టాడు. కట్టిన ప్రతిసారీ ఇంకా అడిగారు. మూడు వారాలు ఎవరికీ చెప్పలేదు. స్కాఫోల్డ్ మీద కాలు తడబడుతుంటే కిందికి దింపి కూర్చోబెట్టి అడిగితే అప్పుడు బయటపెట్టాడు. చచ్చిపోదామనుకున్నాను అన్నాడు.

డబ్బు కట్టకండి. మెసేజ్‌లు చెరపకండి, అవే సాక్ష్యం. జవాబివ్వడం ఆపేయండి. ఇక్కడ ఎఫ్‌బీఐ 1-800-225-5324కి గాని, ఐసీ3 డాట్ గవ్‌లో గాని ఫిర్యాదు ఇవ్వచ్చు. ఇండియాలో 1930. కాగితాలు లేనివాళ్ళు భయపడి ఊరుకుంటున్నారు, వాళ్ళు ముందు ఒక మంచి ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడండి. బ్లాక్‌మెయిల్ బాధితులై పోలీసులకి సహకరించినవాళ్ళకి యూ వీసా అని ఒక దారి ఉంది, ఎవరికి వర్తిస్తుందో లాయర్ చెప్తాడు. మీ చిత్రం ఎక్కడైనా పడుతుందని భయమైతే స్టాప్ ఎన్‌సీఐఐ డాట్ ఆర్గ్ అని ఉంది. మీ బొమ్మ మీ ఫోన్లోంచి బయటికి పోదు, దాని గుర్తు మాత్రం తీసుకుని ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ లాంటివాటిలో పడకుండా చూస్తారు. మనసు మరీ బరువెక్కితే 988కి ఫోన్ చెయ్యండి, పగలూ రాత్రీ ఎత్తుతారు, దుబాసీని కూడా ఇస్తారు. అర్ధరాత్రయినా నాకు చెయ్యండి, సిగ్గుపడక్కర్లేదు. సిగ్గుపడాల్సింది ఆ దొంగలు.

మానెయ్యాలనుకుని మానలేకపోతున్నామనేవాళ్ళు కూడా నాతో చెప్పారు, ఇద్దరు ముగ్గురు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జబ్బుల జాబితాలో, లైంగిక ప్రవర్తన అదుపు తప్పి బతుకు చెడిపోయేదాన్ని చేర్చింది. కాబట్టి డాక్టర్‌కి చెప్పుకోవచ్చు, అది పాపం లెక్క కాదు. మందుకన్నా ముందు ఒక చిన్న పని చెప్తాను. మా పక్క అపార్ట్‌మెంట్లో ఒక గదివాళ్ళు నలుగురూ మాట్లాడుకుని, వంటగదిలో ఎక్స్‌టెన్షన్ బోర్డు పెట్టి రాత్రి పదింటికి ఫోన్లన్నీ అక్కడే ఛార్జింగ్‌కి పెడుతున్నారు. అలారం మోగదేమో అని ఒకడు గొడవ పెడితే వాల్‌మార్ట్‌లో గడియారం కొన్నారు. మొదటి వారం నిద్ర పట్టలేదట, చీకట్లో మాట్లాడుకుంటూ పడుకున్నారట. ఒకే గదిలో రెండేళ్ళుగా ఉంటున్నారు కదా, ఒకడి తమ్ముడు కిందటేడు చనిపోయాడని మిగతా ముగ్గురికీ అప్పుడే తెలిసింది.

ఇంటికి ఫోన్ పగటిపూట చెయ్యండి. ఇక్కడ పొద్దున్నే పనికి బయల్దేరేటప్పుడు అక్కడ సాయంత్రం, పిల్లలు మెలకువగా ఉంటారు. ఆమె ఏం చెప్తుందో ముందు వినండి. పప్పు మాడిపోయిన సంగతైనా సరే వినండి.

ఒక తమ్ముడు చెయ్యెత్తాడు, అసలు మన గ్రూపులోనే శనివారం రాత్రి ఎవరో వీడియో పెట్టారు కదా, దాని సంగతేంటి అంటున్నాడు. నిజమే. అడ్మిన్లు ముగ్గురం మాట్లాడుకున్నాం. ఇకమీద ఒక్కసారి పెట్టినా తీసేస్తాం, నా సొంత బావమరిదైనా తీసేస్తాం. అలాగే వాట్సాప్‌లో ఎవరేం పంపినా మీ ఫోన్లోకి దానంతట అదే దిగిపోకుండా ఆపుకోండి. సెట్టింగ్స్‌లోకి వెళ్ళి, స్టోరేజ్ అండ్ డేటా, అందులో మీడియా ఆటో డౌన్‌లోడ్, అక్కడ టిక్కులన్నీ తీసేయండి. తెలియనివాళ్ళు ఫోన్లు పట్టుకుని ఈ బల్ల దగ్గరికి రండి, మా కుర్రాడు చేసి పెడతాడు. టీ అయింది, అక్కలకి ముందు ఇవ్వండి.